కత్తెర పట్టే చేతికి

మండపేట

చిట్టితల్లికి,

మిషను మానెయ్యమని మీ అమ్మ గట్టిగా పట్టుబడుతోందని మీ నాన్న చెప్పాడు. మానకు. ముందు ఆ ముక్క చెప్పేసి తక్కినవి రాస్తున్నాను. ఫోనులో చెప్పొచ్చు గానీ ఇందులో పేర్లున్నాయి, రోజుల లెక్కలున్నాయి, డాక్టరు దగ్గర అడగాల్సినవి ఉన్నాయి. కాగితం మీద ఉంటే మళ్ళీ తీసి చూసుకుంటావు. మీ అమ్మకి కూడా చదివి వినిపించు. వదిన మీద నాకేం కోపం లేదు. కూతురి చెయ్యి అలా పగిలి రసి కారుతుంటే ఏ తల్లయినా ఆ మాటే అంటుంది.

సంక్రాంతికి వచ్చినప్పుడు నీ కుడిచెయ్యి వెలుతురులో పెట్టి చూశాను. బొటనవేలి మొదట్లో, కణుపుకి కాస్త కింద, చర్మం నల్లబడి మందం కట్టి ఉంది. దాని మీద సన్నటి పగుళ్ళు. నడిమివేలికీ ఉంగరంవేలికీ పక్కల్లో అదే తీరు. అరచేతి మధ్యలో ఏమీ లేదు. చేతి వెనకవైపు ఏమీ లేదు. ఎడమచెయ్యి శుభ్రంగా ఉంది. నీ పెద్ద కత్తెర పట్టుకోమన్నాను గుర్తుందా? దాని కన్నాలు ఎక్కడెక్కడ వేళ్ళని ఒరుసుకుంటున్నాయో సరిగ్గా అక్కడక్కడే మచ్చలు. ఇక నీ పెదాలు. కింది పెదవి ఎడమ పక్కన మాత్రమే పొట్టు రేగి, చుట్టూ నల్లటి గీత పడింది. జాకెట్టు కొలత సరిచేసేటప్పుడు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుంటావు కదా, అవి ఎప్పుడూ ఆ పక్కనే ఉంటాయి.

ఇంట్లో అందరూ తలా ఒక మాట అన్నారు. వేడి చేసిందన్నారు. వంకాయ, గోంగూర, ఎండుచేపలు మానిపించారు. రక్తం చెడిందని వేపాకు కషాయం తాగించారు. రాజమండ్రి నీళ్ళు పడలేదన్నారు. వాళ్ళందరివీ ప్రేమతో అన్న మాటలే. కానీ రక్తం చెడితే కత్తెర పట్టే చోటే ఎందుకు చెడుతుంది? నీళ్ళు పడకపోతే రెండు చేతులకీ పడకూడదు కదా. ఒంటి మీద మచ్చ ఎక్కడ వచ్చిందో చూస్తే, ఏ వస్తువు తగిలి వచ్చిందో సగం తెలిసిపోతుంది. చెవి తమ్మెకి వస్తే దుద్దు. బొడ్డు కింద వస్తే జీన్సు బొత్తం. మణికట్టుకి వస్తే వాచీ. ముక్కు పక్కనా చెవి వెనకా వస్తే కళ్ళజోడు. నీకు ఎనిమిదో తరగతిలో చెవి తమ్మెలు చీము పట్టి నెలల తరబడి మానలేదు. ఇంటర్లో బొడ్డు కింద దురద అని ప్యాంటు వేసుకోవడమే మానేశావు. ఇప్పుడు కత్తెర. నా అనుమానం, ఇవన్నీ ఒకే కథ. ఆ కథలో లోహం పేరు నికెల్.

ఏళ్ళ తరబడి హైస్కూల్లో లోహాలు, అలోహాలు పాఠం చెప్పినదాన్ని కదా, కొంచెం పాఠంలాగే రాస్తాను, ఓపిగ్గా చదువు. నికెల్‌ని 1751లో స్వీడన్‌కి చెందిన క్రోన్‌స్టెట్ అనే ఆయన విడదీసి చూపించాడు. తెల్లగా మెరుస్తుంది, తుప్పు పట్టదు, చౌకగా పని అయిపోతుంది. అందుకని ఇనుము మీద, ఇత్తడి మీద, రాగి మీద పల్చటి పూతగా వేస్తారు. పిన్నీసు, గుండుసూది, జాకెట్టు హుక్కు, జిప్పు, తాళంచెవి, బెల్టు బకిలు, మెరిసే కత్తెర పిడి, ఇలా నీ దుకాణంలో చెయ్యి పెట్టిన ప్రతిచోటా అది ఉండే అవకాశం ఉంది. క్రోమియం పూత వేసిన వస్తువుల్లో కూడా చాలావాటికి ఆ పూత కింద నికెల్ పొర ఉంటుంది. పైపొర అరిగిపోయాక కిందిది బయటపడుతుంది. కొత్తలో ఏమీ చెయ్యని కత్తెర పాతబడ్డాక దురద పెట్టడానికి ఇదో కారణం. నీ కత్తెర కన్నాల లోపలి అంచు చూడు, రంగు ఎలా లేచిపోయిందో.

అయితే ఊరికే తగిలితే నికెల్ ఏమీ చెయ్యదు. చెమట కావాలి. చెమటలో ఉప్పు ఉంటుంది, ఆ ఉప్పునీటికి నికెల్ పిసరంత కరుగుతుంది. కరిగినది చర్మంలోకి దిగుతుంది. మన గోదావరి ఉక్కపోతలో, ఫ్యాను కింద గుడ్డ ఎగురుతుందని ఫ్యాను కట్టేసి కటింగు చేసే నీలాంటివాళ్ళకి ఆ కరగడం ఎంత బాగా జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. చర్మంలో కాపలా కణాలుంటాయి. అవి ఈ కొత్త లోహాన్ని పట్టుకుని, శత్రువని ముద్ర వేసి, తెల్లకణాల్లో ఒక జాతికి చూపిస్తాయి. ఆ కణాలు దాన్ని గుర్తుపెట్టుకుంటాయి. ఒకసారి గుర్తుపెట్టుకున్నాక సాధారణంగా జీవితాంతం మరిచిపోవు. ఆ తర్వాత ఎప్పుడు ఎక్కడ నికెల్ తగిలినా అక్కడ ఎర్రబడి, పొక్కులు లేచి, రసి కారి, ఎండి, నల్లబడుతుంది. మన చామనచాయ ఒంటి మీద ఎరుపు కంటే నలుపే ముందు కనిపిస్తుంది. అందుకే మన ఇళ్ళలో దీన్ని మచ్చ అనుకుంటారు తప్ప వాపు అనుకోరు.

మీ అమ్మకి ఇక్కడ ఒక్క సంగతి ప్రత్యేకంగా చదివి వినిపించు. నికెల్ తగిలిన వెంటనే దురద రాదు. ఒక రోజు, రెండు రోజులు, ఒక్కోసారి మూడు రోజులు పడుతుంది. శుక్రవారం పెళ్ళి జాకెట్లు పది కత్తిరిస్తావు, ఆదివారం మధ్యాహ్నం దురద మొదలవుతుంది. ఆదివారం ఇంట్లో ఏం వండారు? వంకాయ వండారు. నింద వంకాయ మీద పడుతుంది. శుక్రవారం కత్తెర ఎవరికి గుర్తుంటుంది? మన ఊళ్ళో పథ్యాలన్నీ ఈ రెండు రోజుల తేడాలోనే పుట్టాయని నా నమ్మకం.

మరి ఆ ముద్ర మొదట ఎక్కడ పడి ఉంటుంది? చెవిలో. ఎక్కువమంది ఆడవాళ్ళకి అక్కడే పడుతుంది. యూరప్‌లో తీసిన లెక్కల్లో ఆడవాళ్ళలో నూటికి పదిమందికి పైగానే నికెల్ పడనివాళ్ళు తేలారు. మగవాళ్ళలో అంతకంటే బాగా తక్కువ. తేడా ఆడ, మగ ఒంటిలో లేదు, చెవులు కుట్టించుకోవడంలో ఉంది. చర్మం చీల్చి, పచ్చి పుండులో లోహాన్ని రోజుల తరబడి ఉంచితే, పైనుంచి తగిలినప్పటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా అది లోపలికి పోతుంది. నీకు చిన్నప్పుడు కంసాలి కుట్టిన కుట్లు పూడుకుపోతే, తీర్థంలో ఎవరో గన్నుతో మళ్ళీ కొట్టి, తళతళలాడే దుద్దులు పెట్టి పంపారు. ఆ తర్వాతే చీము. మా చిన్నతనంలో కంసాలి ఇంటికొచ్చి సన్నటి మేలిమి తీగతో కుట్టి, ఆ తీగనే ముడి వేసి వదిలేసేవాడు. అలా కుట్టడానికి ఆచారం ఒక్కటే కారణమై ఉండొచ్చు, నికెల్ సంగతి వాళ్ళకి తెలిసి కాదు. అయినా పచ్చి పుండులో మేలిమి బంగారం పెట్టడం మంచి పనే. ఆ పని మనం మానుకోకుండా ఉండాల్సింది.

ఈ చెవుల సంగతి పట్టుకుని డెన్మార్క్ వాళ్ళు 1990లో చట్టం చేశారు. ఒంటికి ఎక్కువసేపు తగిలే వస్తువు ఒక చదరపు సెంటీమీటరు మేర వారానికి అర మైక్రోగ్రాము కంటే ఎక్కువ నికెల్ వదలకూడదని. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలో వంతు. 1994లో యూరోపియన్ యూనియన్ అంతా అదే హద్దు పెట్టుకుంది, 2001 నాటికి పూర్తిగా అమల్లోకి వచ్చింది. తర్వాత కుట్టిన చోట పెట్టే వాటికి అంతకంటే తక్కువ హద్దు విడిగా పెట్టారు. చట్టం వచ్చాక చెవులు కుట్టించుకున్న ఆడపిల్లల్లో ఈ జబ్బు బాగా తగ్గిందని డెన్మార్క్‌లో లెక్క తీసి చూశారు. మన ఫ్యాన్సీ షాపులో దుద్దుల అట్ట మీద నికెల్ గురించి ఒక్క మాట రాసి ఉండటం నేనింతవరకూ చూడలేదు. రాసి ఉండాలి. తీర్థంలో పదేళ్ళ పిల్లకి గన్నుతో చెవి కొట్టేవాడికి, ఆ పిల్ల ఒంటికి బతికినన్నాళ్ళూ మానని పగ ఒకటి అంటగడుతున్నానని తెలియాలి.

ఆ చట్టంలో నాకు నచ్చింది ఒకటుంది. వస్తువులో నికెల్ ఎంత ఉందని అడగలేదు, ఎంత వదులుతోందని అడిగింది. నీకు కావలసిన తేడా కూడా అదే. మనం అన్నం తినే స్టీలు కంచం 304 రకం అయితే అందులో నూటికి 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెల్ ఉంటాయి. 8 పాళ్ళంటే తక్కువేం కాదు. కానీ పైన కంటికి కనబడని క్రోమియం ఆక్సైడ్ పొర ఒకటి దాన్ని గట్టిగా బిగించి పెడుతుంది, బయటకు వచ్చేది బహు స్వల్పం. అదే నలభై రూపాయల దుద్దు మీది పూత, తూకం వేస్తే ఏమీ ఉండదు గానీ, చెమట తగిలితే చాలు ధారాళంగా వదులుతుంది. కాబట్టి స్టీలు గిన్నెలన్నీ అటకెక్కించమని ఎవరైనా చెబితే వినకు. అయస్కాంతం పెట్టి చూడమని చెప్పినా నమ్మకు. నికెల్ పూత వేసిన ఇనప సూది అయస్కాంతానికి అంటుకుంటుంది, 8 పాళ్ళ నికెల్ ఉన్న కంచం అంటుకోదు. ఆ పరీక్ష మనకి పనికిరాదు.

పనికొచ్చే పరీక్ష ఇంకొకటుంది. డైమిథైల్ గ్లయాక్సిమ్. నేను డిగ్రీలో సాల్ట్ అనాలిసిస్ చేసినప్పుడు పరీక్షనాళికలో నికెల్ లవణం ఉంటే, అమ్మోనియా కలిపి ఇది రెండు చుక్కలు వెయ్యగానే గులాబీ ఎరుపు అవక్షేపం దిగేది. ల్యాబులో అంత అందమైన రంగు ఇంకోటి లేదు మాకు. 1905లో చుగాయెవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త కనిపెట్టిన సంగతి అది. దాన్నే ఇప్పుడు చిన్న సీసాల్లో నికెల్ టెస్ట్ అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. దూదిపుల్లకి రెండు చుక్కలు అంటించి వస్తువు మీద అర నిమిషం రుద్దాలి. దూది గులాబీ రంగుకి తిరిగితే ఆ వస్తువు నికెల్ వదులుతోందని అర్థం. వస్తువు పాడవదు. అమ్మోనియా వాసన ఘాటుగా ఉంటుంది, కిటికీ తీసుకుని చెయ్యి, పుండు ఉన్న వేళ్ళకి తగలనివ్వకు. రంగు రాకపోతే అసలు లేదని కాదు, ఈ పరీక్షకి అందనంత తక్కువ వదులుతోందేమో. వస్తే మాత్రం సందేహం లేదు. నేను ఒక సీసా తెప్పించాను. నా తాళాల గుత్తి మీద రుద్దగానే దూది గులాబీ పువ్వయి కూర్చుంది.

తాళాల గుత్తి అంటే మీ మామ్మ గుర్తొస్తోంది. ఆవిడ నడుముకి కుడిపక్కన రూపాయి బిళ్ళంత నల్లమచ్చ ఉండేది. ఇనప్పెట్టె తాళం, గాదె తాళం, వీధి తలుపు తాళం, అన్నీ ఒక మెరిసే కొక్కేనికి గుచ్చి చీర కుచ్చిళ్ళ పక్కన దోపుకునేది. వేసవొస్తే ఆ మచ్చ పచ్చిదయ్యేది. తామర అన్నారు. ఏవో ట్యూబులు, లేపనాలు, ఆఖరికి ఉల్లిపాయ రసం దాకా అన్నీ అయ్యాయి. పెద్దదయ్యాక తాళాలు మీ అమ్మ చేతికి ఇచ్చేసింది. ఆ పై ఏడాది మచ్చ దానంతటదే మాయమైంది. ఉల్లిపాయ రసం ఆలస్యంగా పనిచేసిందని సంతోషపడింది. ఆ కొక్కెం ఇప్పుడు లేదు, ఉంటే దూదిపుల్లతో రుద్ది చూసేదాన్ని. మన ఆడవాళ్ళు పుస్తెల తాడుకి గుత్తులుగా తగిలించుకునే పిన్నీసులు చూడు. ఎంతమందికి గుండెల మీద నల్లటి మచ్చ ఉందో, అది తాడు ఒరుసుకుని వచ్చిందని ఎంతమంది అనుకుంటున్నారో. నీ దగ్గరకి జాకెట్టు కొలతలకి వచ్చేవాళ్ళలో నీకే కనబడతారు. చెప్పు వాళ్ళకి.

మన వైపు ఈ జబ్బుకి ఎప్పటి నుంచో ఒక పేరుంది, గిల్టు పడదు అని. ఏ పెళ్ళికి వెళ్ళినా ఒకరిద్దరు ఆ మాట అంటారు. వెంటనే పక్కనున్నావిడ మూతి విరిచి, బంగారం తప్ప తగలకూడని ఒళ్ళు కాబోలు అంటుంది. ఆ మాట విని నొచ్చుకుని, చెవులు రసి కారుతున్నా గిల్టు జూకాలే పెట్టుకుని నవ్వుతూ తిరిగిన పిల్లలు నా క్లాసుల్లో ఉండేవారు. బందరు పక్కన చిలకలపూడిలో తరాలుగా రోల్డుగోల్డు నగలు చేస్తున్నారు, పోతేపల్లిలో దాని కోసం ఒక పార్కే వెలిసింది. రాగి, ఇత్తడి మీద బంగారు పూత వేసే పని ఎంత నైపుణ్యంతో చేస్తారో చూసి ఆశ్చర్యపోవాల్సిందే. ఆ పనిని నేను తక్కువ చెయ్యను, బంగారం కొనలేని ఇళ్ళలో ఆడపిల్లల ముచ్చట తీర్చింది అదే. అయితే గిల్టు నగ ఎక్కడ తయారైనా, మెరుపు కోసమూ, కింది రాగి పైకి రాకుండా ఉండటం కోసమూ, బంగారు పూత కింద నికెల్ పొర వేసే పద్ధతి ఒకటుంది. పూత అరిగితే ఆ పొర ఒంటికి తగులుతుంది. పడకపోవడంలో గొప్పా లేదు, లేమీ లేదు. అది ఒళ్ళు పెట్టుకున్న గుర్తు, అంతే.

ఇంకొకటి, ఈ మధ్య పెళ్ళిళ్ళలో పంచుతున్న జర్మన్ సిల్వర్. కుంకుమ భరిణెలు, పళ్ళేలు, ఆక్సిడైజ్డ్ జూకాలు. రాగి, జింకు, నికెల్ కలిపిన లోహం అది, వెండి ఏమీ ఉండదు. భరిణె బీరువాలో ఉంటే ఫరవాలేదు. మెట్టెలుగా, పట్టీలుగా, జూకాలుగా నీ ఒంటి మీదకి రాకూడదు. మెట్టెలు వెండివే చేయించుకో. చెవులకి 916 ముద్ర ఉన్నవి చిన్నవైనా సరే అవే పెట్టుకో, లేకపోతే టైటానియం దుద్దులు దొరుకుతున్నాయి. సర్జికల్ స్టీలు అని రాసి ఉంటే నికెల్ లేదని కాదు, అందులోనూ ఉంటుంది. తెల్ల బంగారం అని చూపిస్తే అందులో ఏం కలిపారో అడిగి తెలుసుకో, కొన్నిటిలో నికెల్ కలుపుతారు. చేతి గడియారాల సంగతి కూడా ఇంతే. అమెరికాలో 2014లో ఫిట్‌బిట్ వాళ్ళు ఫోర్స్ అనే చేతిపట్టీలని చర్మం పొక్కుతోందని జనం మొరపెట్టుకుంటే వెనక్కి తీసుకున్నారు. పట్టీ స్టీలులోని నికెల్ కొందరికి, జిగురు పదార్థాలు కొందరికి పడలేదన్నారు.

చిల్లర సంగతి అడిగావు. రూపాయి, రెండు రూపాయల స్టీలు బిళ్ళలు ఇనుమూ క్రోమియమూ మాత్రమే, వాటితో భయం లేదు. 5 రూపాయల ఇత్తడి రంగు బిళ్ళలో నూటికి 5 పాళ్ళు, 20 రూపాయల బిళ్ళ బయటి చుట్టులో 20 పాళ్ళు నికెల్ ఉంది. క్షణంసేపు పట్టుకుని గల్లాపెట్టెలో వేసే నీకు ఏమీ కాదు. రోజంతా చిల్లర లెక్కపెట్టేవాళ్ళకి వేరు. యూరో బిళ్ళలు వచ్చిన 2002లోనే, నికెల్ చట్టం చేసిన ఆ దేశాల 1, 2 యూరోల బిళ్ళలే చట్టం హద్దు కంటే రెండొందల రెట్లకి పైగా వదులుతున్నాయని శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో రాశారు.

ఇదంతా నా అనుమానం. అనుమానం మీద జీవితం నడపకూడదు, రుజువు చేసుకోవాలి. నీ వేళ్ళకి నికెల్ కాకుండా బట్టల రంగో, కొత్త గుడ్డ ముడత పడకుండా వేసే రసాయనమో, మిషను నూనెలో ఏదో పడకపోయి ఉండొచ్చు. నికెల్‌తో పాటు కోబాల్ట్ కూడా పడనివాళ్ళు ఎక్కువే. దీన్ని తేల్చేది ప్యాచ్ టెస్ట్. 1895లో యాడస్సోన్ అనే జర్మన్ చర్మవైద్యుడు మొదలుపెట్టిన పద్ధతి, ఇవాళ్టికీ అదే ప్రమాణం. నికెల్ సల్ఫేటు, కోబాల్టు, క్రోమియం, రబ్బరు రసాయనాలు, సువాసన ద్రవ్యాలు, ఇలా ఒక్కొక్కటి చిన్న చిన్న మూతల్లో పెట్టి నీ వీపుకి వరసగా అతికిస్తారు. రెండు రోజులు అలాగే ఉంచాలి. ఆ రెండు రోజులూ వీపు తడవకూడదు, బాగా చెమట పట్టకూడదు. తర్వాత తీసి చూస్తారు, మరో రెండు రోజులకి మళ్ళీ చూస్తారు. రెండోసారి చూపించుకోవడానికి వెళ్ళకుండా మానెయ్యకు, ఆలస్యంగా తేలేవి అప్పుడే తేలతాయి. రోహిణి కార్తెలో వీపుకి పట్టీ నిలవదు, అందుకని ఎండలు ముదరకముందే చేయించుకోవాలి.

వేలకి వేలు పోసి రక్తపరీక్షలో వంద వస్తువుల అలర్జీ చూస్తామని చెప్పే ల్యాబుకి వెళ్ళకు. ఆ పరీక్షలు వెంటనే వచ్చే అలర్జీల కోసం, దుమ్ము, పుప్పొడి, వేరుశెనగ లాంటి వాటికి. ఆలస్యంగా వచ్చే ఈ రకాన్ని అవి పట్టలేవు. చేతికి ఒక కాగితం ఇస్తారు, అందులో వంకాయ ఉంటుంది, మీ అమ్మ దాన్ని పూజగదిలో పెడుతుంది.

ఇప్పుడు నాకు నిజంగా భయం వేసిన సంగతి. నీ మిషను సొరుగులో సగం అయిపోయిన మూడు రకాల ట్యూబులు చూశాను. మందుల షాపులో చెయ్యి చూపించి తెచ్చుకున్నవి. వాటిలో క్లోబెటాసాల్ ఉంది, ఫంగస్ మందు ఉంది, యాంటీబయాటిక్ ఉంది, అన్నీ కలిపి ఒకే ట్యూబులో. రాసిన రెండో రోజుకి హాయిగా ఉంటుంది. మానగానే రెట్టింపవుతుంది. మళ్ళీ రాస్తావు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి ఉల్లిపొరలాగా తయారవుతుంది, రక్తనాళాలు పైకి తేలుతాయి. పెదాల మీద, ముఖం మీద అయితే మరీ చేటు. నిజంగా తామర ఉన్నవాళ్ళు ఇది రాస్తే తామర ఒళ్ళంతా పాకుతుంది. దేశమంతా ఈ గోల ఎంత పెరిగిందంటే చర్మవైద్యుల సంఘం దీనికోసమే ఒక బృందాన్ని పెట్టి పోరాడింది. 2018లో కేంద్రం ఇలాంటి స్టిరాయిడ్ క్రీములు కొన్నిటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. అయినా నీకు చీటీ లేకుండానే ఇచ్చారు. స్టిరాయిడ్ చెడ్డ మందు కాదు తల్లీ, డాక్టరు ఎంత బలమైనది, ఎన్ని రోజులు, ఏ చోట అని లెక్క చెప్పి ఇస్తే నీ చేతిని ఆ మందే చల్లారుస్తుంది. లెక్క లేకుండా రాసుకోవడమే ప్రమాదం. అప్పటిదాకా పెదాలకి, వేళ్ళకి వాసన లేని వాజలైన్ రాసుకో, గిన్నెలు తోమే సబ్బు నుంచి చెయ్యి కాపాడుకో. పగిలిన చర్మంలోంచి నికెల్ ఇంకా సులువుగా దిగుతుంది.

తిండి గురించి మీ అమ్మ తప్పక అడుగుతుంది. జీడిపప్పులో, వేరుశెనగలో, పప్పుల్లో, చాక్లెట్‌లో నికెల్ కాస్త ఎక్కువే ఉంటుంది. చాలా తీవ్రంగా ఉన్న కొద్దిమందికి, తగిలే వస్తువులన్నీ మానినా తగ్గకపోతే, అప్పుడు డాక్టరు చెబితే వాటిని తగ్గిస్తారు. నీ వయసు పిల్లకి ముందే పప్పు మానిపిస్తే చెయ్యి మానదు, ఒళ్ళు నీరసిస్తుంది. తాపేశ్వరం కాజా ఎన్ని తిన్నా ఈ దురదకి సంబంధం లేదని మీ నాన్నకి కూడా చెప్పు, ఆయన పాపం నీకోసం కొనడం మానేశాడు.

పని మానకుండా ఏం చెయ్యాలో ఇప్పుడు. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకోవడం ఈ ఉత్తరం చదివిన క్షణం నుంచి మానెయ్యి. నికెల్ లేకపోయినా అది మానాల్సిన అలవాటే, తుమ్మొస్తే ఒక సూది గొంతులోకి పోతుంది. గాజు తలలున్న సూదులు కొనుక్కుని తల దగ్గరే పట్టుకో. గుడ్డలు కలిపి పట్టడానికి ప్లాస్టిక్ క్లిప్పులు వస్తున్నాయి, అంచులకి అవి చాలు. కత్తెరకి పిడి మొత్తం ప్లాస్టిక్‌తో ఉన్నది, కన్నాల లోపల లోహం వేలికి తగలనిది తీసుకో. పాత కత్తెర మీద ప్రేముంటే కన్నాలకి గట్టి టేపు చుట్టు, గుడ్డపీలిక చుట్టకు, అది చెమట పీల్చుకుని ఇంకా చేటు చేస్తుంది. వేలికి తొడుక్కునే అంగుస్తాన్ తోలుది దొరుకుతుంది. పల్చటి రబ్బరు గ్లవ్స్ వేసుకుని కాపాడుకుందామనుకోకు, నికెల్ రబ్బరులోంచి కూడా దాటుతుంది. జీన్సు బొత్తం వెనక మందపాటి గుడ్డ ముక్క నువ్వే కుట్టుకో. రంగులేని గోళ్ళరంగు పూయమని చెబుతారు, పనిచేస్తుంది గానీ ఉతికిన కొద్దీ లేచిపోతుంది, మళ్ళీ మళ్ళీ పూయాలి. బాబిన్ మార్చడం, ప్రెజర్ ఫుట్ విప్పడం లాంటివి క్షణాల పనులు, వాటికి భయపడక్కర్లేదు. ఎక్కువసేపు, చెమటతో, ఒరుసుకుంటూ తగిలేవే నీ శత్రువులు.

పరీక్షలో నికెల్ అని తేలితే ఆ చీటీ దాచుకో. పంటి డాక్టరు తీగలు కట్టేటప్పుడు, ఎముకల డాక్టరు ఎప్పుడైనా ప్లేటు వెయ్యాల్సి వస్తే, ముందే చెప్పాలి. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు దాచిపెట్టాల్సినదేమీ ఇందులో లేదు. అంటుకునేది కాదు, ఒకరి చెయ్యి పట్టుకుంటే ఇంకొకరికి రాదు. గిల్టు పెట్టకూడదని చెబితే సరిపోతుంది.

కాకినాడ పెద్ద ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో, రంగరాయ మెడికల్ కాలేజీ తరఫున చర్మవ్యాధుల విభాగం ఉంది. ప్యాచ్ టెస్ట్ ఏ రోజుల్లో చేస్తారో ముందు ఫోను చేసి కనుక్కుంటాను, అక్కడ వీలు కాకపోతే ఎక్కడ చేస్తారో వాళ్ళనే అడుగుతాను. వీపుకి పట్టీలు వేశాక నువ్వు రాజమండ్రి పోవద్దు, మా ఇంటికి వచ్చెయ్యి. రామచంద్రపురం మీదుగా బస్సు ఎక్కితే ఎంతోసేపు పట్టదు, మళ్ళీ చూపించుకోవడానికి నేనూ నీతో వస్తాను. వచ్చేటప్పుడు సొరుగులో ట్యూబులు పారెయ్యకుండా అన్నీ తీసుకురా, ఏమేం రాశావో డాక్టరు చూడాలి. వీపు మీద ఏ క్రీమూ రాయకు. ఇంతకుముందు ఎవరైనా మాత్రలు ఇచ్చి ఉంటే ఆ చీటీలు, ఆధార్ కార్డు కూడా పెట్టుకో. నీ కత్తెరలు, సూదుల డబ్బా, హుక్కుల పొట్లాలు, అంగుస్తాన్, ఆ జీన్సు ప్యాంటు ఒక సంచిలో వేసుకురా, సీసాలో మందు బోలెడుంది, ఒక్కొక్కటీ రుద్ది చూద్దాం. మాఘమాసం ముహూర్తాల జాకెట్లు ఉన్నాయని వాయిదా వెయ్యకు. కటింగు అయినవి మూటగట్టి తెచ్చుకో, నువ్వు పట్టీలతో కూర్చున్నన్నాళ్ళూ హుక్కులు, కాజాలు నేను కుట్టిపెడతాను.

ఇట్లు,
మీ అత్త